తోటకూర ఎవరి సొత్తు?

ప్రేమ్ బజార్‌లో సాయంత్రమైతే మన తెలుగు కుర్రాళ్ల చేతుల్లో ముడి, ఆలూ చాప్ పొట్లాలే. ముడి అంటే మన బొరుగులే. "కూరగాయలు, పళ్లు కూడా తినండ్రా" అన్నాను. "మనమేమైనా బ్రాహ్మలమా అన్నా?" అని నవ్వాడొక తమ్ముడు.

నాకు నవ్వు రాలేదు. ఆ మాట వాడి నోట ఊరికే రాలేదు. 2023లో ఐఐటీ బాంబే హాస్టల్ మెస్‌లో కొన్ని బల్లలు శాకాహారులకే అన్నారు. అక్కడ కూర్చుని మాంసం తిని నిరసన తెలిపినందుకు 10,000 రూపాయల జరిమానా వేశారు. కూరగాయను కులానికి కంచె చేశారు. గొడ్డుమాంసానికీ అంటరానితనానికీ ఉన్న లంకెను బాబాసాహెబ్ 1948లోనే పుస్తకం రాసి విప్పారు. సరే, ఆ కంచె మీద కోపంతో తోటకూరను వాళ్లకు వదిలేస్తామా?

పొలంగట్ల మీద పొన్నగంటికూర కోసుకొచ్చి ఎండుచేపలతో వండింది మన అవ్వలు. గోంగూర మటన్ అంటే లొట్టలేస్తావు కదరా, గోంగూర ఆకు కాదా?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినమంది. అదే పళ్లెంలో గుడ్డుకీ మాంసానికీ చోటిచ్చింది. ఆ సగం మాత్రం మనకెవరూ చెప్పరు! కాంట్రాక్టు కూలీని యాపిల్ తినమనేవాడు ముందు కూలి పెంచాలి. అందాకా జామకాయ, బొప్పాయి, అరటిపండు ఉన్నాయి. పని చేసేచోట క్యాంటీన్ ఉంటే గుడ్డూ ఆకుకూరా రెండూ పెట్టమని అడగండి. ఒకే బల్ల మీద.