హాలు అందరిదీ, పెట్టె ఎవరిది వారిదే



వార్షికోత్సవ సంచిక అనగానే పాత జ్ఞాపకాలు, నాలుగు మంచి మాటలు రాయడం మన ఆనవాయితీ. ఈసారి మేము కొందరం పూర్వ విద్యార్థులం కలిసి ఒకే ఒక్క విషయం మీద మా అభిప్రాయం చెప్పదలచుకున్నాం. మన హాస్టలు కంప్యూటర్ గదిలో ప్రతి విద్యార్థికీ, చెడగొట్టి నేర్చుకోవడానికి, సొంతంగా ఒక కంప్యూటర్ ఉండాలి. చదివి నవ్వకండి. కొత్త కంప్యూటర్లు కొనమని మేము అడగడం లేదు. ఉన్న కంప్యూటర్లలోనే ఇది సాధ్యం. దానికి కావలసిన సాఫ్ట్‌వేర్ ఉచితం. ఆ పద్ధతి పేరు వర్చువలైజేషన్.

ముట్టుకోవద్దు అనే మాట

పేద పిల్లలు చదివే చాలా చోట్ల కంప్యూటర్ గది అంటే ముందు కనబడేది తాళం. తాళం తీశాక వినబడేది 'ముట్టుకోవద్దు' అనే మాట. మేము చదివిన ఒక బడిలో సార్ ఒక్కరే మౌసు పట్టుకునేవారు, మేము ముప్పై మందిమి చుట్టూ నిలబడి చూసేవాళ్లం. ఆ సార్‌ను తప్పుపట్టలేం. కంప్యూటర్ పాడైతే బాగుచేయించడానికి డబ్బులు ఎక్కడి నుంచి వస్తాయి? పైనుంచి తనిఖీకి వస్తే జవాబు చెప్పవలసింది ఎవరు? అందుకే అందరికీ క్షేమమైన దారి ఒక్కటే మిగులుతుంది. ఎవరూ ముట్టుకోకుండా ఉంచడం.

'ముట్టుకోవద్దు' అనే మాట మనవాళ్లకు కొత్త కాదు. బాబాసాహెబ్ అంబేద్కర్ బడిలో చదివే రోజుల్లో నల్లాను ముట్టుకునే హక్కు ఆయనకు లేదు. బంట్రోతు వచ్చి నల్లా తిప్పితేనే నీళ్లు. బంట్రోతు రాని రోజు దాహంతోనే ఉండాలి. ఆ అవమానం వేరు, కంప్యూటర్ గది తాళం వేరు. రెండూ ఒకటేనని మేము అనడం లేదు. కానీ ఎవరో ఒకరు వచ్చి తిప్పితేనే మనకు విద్య అందే పరిస్థితి ఇంకా ఎన్నాళ్లు?

ఇంట్లో కంప్యూటర్ ఉన్న పిల్లవాడు ఎలా నేర్చుకుంటున్నాడో గమనించండి. ఏదో ఫైలు తీసేస్తాడు, కంప్యూటర్ ఆగిపోతుంది. తిట్లు తింటాడు, మళ్లీ విండోస్ వేసుకుంటాడు. నాలుగుసార్లు చెడగొట్టేసరికి లోపల ఏముందో అతనికి తెలిసిపోతుంది. మన పిల్లవాడు డిగ్రీ పూర్తయ్యేదాకా వర్డ్‌లో అప్లికేషన్ టైపు చేయడం దగ్గరే ఉంటాడు. ఇద్దరి తెలివిలో తేడా లేదు. ఒకరికి తప్పు చేసే అవకాశం దొరికింది, ఇంకొకరికి దొరకలేదు. అంతే.

కంప్యూటర్లో కంప్యూటర్

హాస్టల్లో ఉన్నవాళ్లకు ట్రంకు పెట్టె గురించి వేరే చెప్పాలా? హాలు అందరిదీ. ఫ్యాను అందరిదీ, లైటు అందరిదీ. పెట్టె మాత్రం ఎవరిది వారిదే. మన పెట్టెలో బట్టలు ఎలా సర్దుకున్నా, చిందరవందర చేసుకున్నా పక్కవాడి పెట్టెకు ఏమీ కాదు, హాలుకూ ఏమీ కాదు.

వర్చువల్ మెషీన్ కూడా అలాంటిదే. విండోస్ ఉన్న కంప్యూటర్లో వర్చువల్‌బాక్స్ లాంటి ఒక ప్రోగ్రాం వేస్తాం. అది మన మెమరీలో కొంత, హార్డ్‌డిస్కులో కొంత, ప్రాసెసర్‌లో కొంత తీసుకుని ఒక కిటికీలో ఇంకొక కంప్యూటర్‌ను సృష్టిస్తుంది. ఆ లోపలి కంప్యూటర్లో లినక్స్ వేసుకోవచ్చు. దాని హార్డ్‌డిస్కు అంటే బయటి కంప్యూటర్లో ఒక పెద్ద ఫైలు మాత్రమే. లోపల అన్నీ తుడిచేసినా బయట వార్డెన్ గారి స్కాలర్‌షిప్ లిస్టు, మెస్ లెక్కలు చెక్కుచెదరవు. లోపలి యంత్రంలో మనమే యజమానులం. పాస్‌వర్డు మనదే, పెత్తనం మనదే.

దీనిలో స్నాప్‌షాట్ అని ఒక సదుపాయం ఉంది. ఫిల్మ్‌నగర్, కృష్ణానగర్ మన మోతీనగర్‌కు దూరమేమీ కాదు కాబట్టి సినిమా భాషలో చెబుతాం. షాటు చెడిపోతే రీటేక్ చెబుతారు. సామాన్లు మళ్లీ మొదటి చోటికి వస్తాయి, నటులు మొదటి చోటికి వస్తారు. స్నాప్‌షాట్ కూడా అంతే. అంతా బాగున్నప్పుడు ఒకటి తీసి పెట్టుకుంటే, తర్వాత ఎంత చెడగొట్టినా కంప్యూటర్ మళ్లీ ఆ స్థితికి వచ్చేస్తుంది. మెకానిక్కు అవసరం లేదు, ఎవరికీ జవాబు చెప్పే అవసరం లేదు.

ఇది నిన్నా మొన్నా పుట్టిన ఆలోచన కూడా కాదు. 1960లలో కంప్యూటర్ అంటే గది నిండా ఉండే యంత్రం. ధర లక్షల డాలర్లు. దాన్ని వాడవలసినవాళ్లు చాలామంది. అప్పుడు ఐబీఎం ఇంజనీర్లు ఒకే యంత్రాన్ని, ప్రతి ఒక్కరికీ సొంత యంత్రంలా కనబడేటట్లు విభజించారు. 1972లో ఐబీఎం వీఎం/370 పేరుతో దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. ఒకటే యంత్రం, వాడేవాళ్లు అనేకమంది. మన హాస్టలు సమస్య కూడా సరిగ్గా ఇదే కదా! 1999లో వీఎంవేర్ సంస్థ ఈ పద్ధతిని మామూలు పీసీలకు తెచ్చింది. 2007లో వర్చువల్‌బాక్స్ ఓపెన్ సోర్స్‌గా వచ్చింది. నేడు అది ఒరాకిల్ చేతిలో ఉన్నా, దాని మూల ప్యాకేజీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే.

అమీర్‌పేటలో నేర్పేది ఏమిటి?

మోతీనగర్ నుంచి ఎర్రగడ్డ మీదుగా అమీర్‌పేటకు ఎంతసేపు పడుతుంది? మైత్రివనం చుట్టూ ఉన్న బోర్డులు మనమందరం చూసినవే. రాష్ట్రం నలుమూలల నుంచి పిల్లలు అప్పులు చేసి వచ్చి అక్కడ చేరతారు. లినక్స్ అడ్మినిస్ట్రేషన్, ఒరాకిల్, డెవాప్స్, ఏ కోర్సు తీసుకున్నా ప్రాక్టీసు చేయాలంటే సాధారణంగా మొదట చెప్పేది 'ల్యాప్‌టాప్‌లో వీఎంవేర్ గానీ వర్చువల్‌బాక్స్ గానీ వేసుకోండి, అందులో లినక్స్ వేసుకోండి' అని. హడూప్ కోర్సులు జోరుగా నడిచిన రోజుల్లో క్లౌడెరా సంస్థ నేర్చుకునేవారి కోసం తన సాఫ్ట్‌వేర్‌ను తయారుగా ఉన్న వర్చువల్ మెషీన్ రూపంలోనే ఇచ్చేది. అంటే ఫీజు కట్టి నేర్చుకునే చదువులో మొదటి మెట్టును మనం హాస్టల్లోనే ఉచితంగా ఎక్కవచ్చు. అమీర్‌పేట వద్దని మేము అనడం లేదు. మొదటి మెట్టు ఎక్కి వెళితే ఫీజు దండగ కాదు అంటున్నాం.

ఇంకొక మాట. 2022 నవంబరులో అమెజాన్ తన క్లౌడ్ సేవల కోసం హైదరాబాద్ రీజియన్‌ను ప్రారంభించింది. క్లౌడ్ అంటే ఆకాశంలో ఉండేది కాదు. మన ఊరి చుట్టుపక్కల పెద్ద పెద్ద షెడ్లలో ఉన్న సర్వర్లే. వాటిలో ముక్కలు చేసి కిరాయికి ఇచ్చేవి ఎక్కువగా ఈ వర్చువల్ మెషీన్లనే. ఆ షెడ్ల కాపలా ఉద్యోగాలు, హౌస్‌కీపింగ్ ఉద్యోగాలు మనవాళ్లకు ఎలాగూ దొరుకుతాయి. లోపలి యంత్రాలను నడిపే ఉద్యోగాలకు కూడా మనవాళ్లు వెళ్లాలన్నదే మా కోరిక.

కొన్ని అభ్యంతరాలు

'ఆఫీసుల్లో విండోసే వాడతారు, లినక్స్ ఎందుకు?' అని కొందరు అడుగుతారు. విండోస్‌ను తీసేయమని ఎవరన్నారు? వర్చువలైజేషన్‌లో ఉన్న గొప్పతనమే అది. ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోనక్కరలేదు. పైగా మైక్రోసాఫ్ట్ సంస్థే 2016లో విండోస్ లోపల లినక్స్ వాడుకునే ఏర్పాటు చేసింది. 2019లో ప్రకటించిన రెండో రూపంలో అసలు లినక్స్ కెర్నెల్ ఒక చిన్న వర్చువల్ మెషీన్‌లోనే నడుస్తుంది. విండోస్ తయారుచేసేవాళ్లకే లినక్స్ అవసరమైనప్పుడు మనకెందుకు వద్దు? 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లు అన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను లోపల ఉన్నదీ లినక్స్ కెర్నెలే.

'ఫోను ఉంది కదా, కంప్యూటర్ ఎందుకు?' అనేవాళ్లూ ఉన్నారు. ఫోను చూడడానికి, వినడానికి బాగుంటుంది. లోపలికి వెళ్లనివ్వదు. ఫోనుతో వాడకందారు తయారవుతాడు గానీ పనిమంతుడు తయారు కావడం కష్టం.

'ఇంగ్లీషు రాదు' అనేది మూడో మాట. లినక్స్‌లో మెనూలు చాలావరకు తెలుగులో పెట్టుకోవచ్చు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో తెలుగు టైపు చేయవచ్చు. మన హైదరాబాదులోనే స్వేచ్ఛ అనే సంస్థ కార్యకర్తలు ఎన్నో ఏళ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తేవడానికి జీతం లేకుండా పనిచేశారు. అలాంటి పనిలో మన పిల్లలు కూడా చేయి కలపవచ్చు.

దీనికి ఉన్న హద్దులు కూడా చెప్పాలి. ఒకే యంత్రం రెండు పనులు చేస్తుంది కాబట్టి మెమరీ కావాలి. 8 జీబీ ఉంటే హాయిగా నడుస్తుంది. 4 జీబీ ఉంటే తేలికపాటి లినక్స్ వేసుకుని ఓపిక పట్టాలి. 2 జీబీ ఉన్న పాత డబ్బాలో ఈ పని వద్దు, అందులో నేరుగా లినక్సే వేసుకోవడం మేలు. లోపల వేసే విండోస్‌కు వేరే లైసెన్సు కావాలి, లినక్స్‌కు ఆ బాధ లేదు. ఫోల్డర్లు, నెట్‌వర్కు రెండింటి మధ్య పంచుకుంటే వైరస్‌కు దారి ఇచ్చినట్లే కాబట్టి అవసరం ఉన్నప్పుడే పంచుకోవాలి.

మరో సంగతి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. అదనపు పథకంలో చేరని కంప్యూటర్లకు భద్రతా సవరణలు రావు. పాత కంప్యూటర్లు చాలావాటిని విండోస్ 11 ఒప్పుకోదు. వాటిని తుక్కు కింద రాసేస్తారేమో అని మా భయం. అలా చేయనక్కరలేదు. బయట లినక్స్ వేసి, విండోస్ తప్పనిసరి అయిన పనికి లోపల విండోస్ పెట్టుకోవచ్చు.

మన పాత సంచికల కోసం

ఇది చదువు సంగతి మాత్రమే కాదు. 2000 తర్వాత వచ్చిన తెలుగు సంచికలు ఎన్నో అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కూర్చినవే. పేజ్‌మేకర్ 7.0 విడుదలైంది 2001లో. ఆ తర్వాత కొత్త వెర్షన్ రాలేదు. ఆ ఫైళ్లు నేటి కంప్యూటర్లో సరిగా తెరుచుకోవు, తెరుచుకున్నా ఫాంటు లేకపోతే అక్షరాలన్నీ పిచ్చి గుర్తులవుతాయి. మద్దతు 2014లోనే ఆగిపోయిన విండోస్ ఎక్స్‌పీని, అప్పటి లైసెన్సు ఉంటే, ఇంటర్నెట్ తగలకుండా ఒక వర్చువల్ మెషీన్‌లో పెడితే ఆ పాత పేజీలను మళ్లీ చూడవచ్చు, పీడీఎఫ్ చేసి దాచవచ్చు. మన అన్నలు రాసిన కవితలు, వ్యాసాలు ఏ పుస్తకాల షాపులోనూ దొరకవు. వాటిని కాపాడుకోవలసింది మనమే. పాత సీడీలు ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి పారేయకండి.

ఏం చేయాలి?

మా సూచనలు ఇవి. మొదటిది, ప్రతి కంప్యూటర్ బయాస్ సెట్టింగుల్లో వర్చువలైజేషన్ టెక్నాలజీ అనే మీట ఆన్ చేయించాలి. ఇంటెల్ 2005లో, ఏఎండీ 2006లో దీన్ని ప్రాసెసర్లలోనే పెట్టడం మొదలుపెట్టాయి. అయినా చాలా కంప్యూటర్లలో ఆ మీట ఆఫ్‌లో ఉంటుంది.

రెండవది, వర్చువల్‌బాక్స్ వేసి, ఒక తేలికపాటి లినక్స్‌తో ఒక మూల యంత్రం తయారుచేయాలి. నెట్ లేకపోయినా పర్వాలేదు, ఒకచోట దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవచ్చు. ఆ మూల యంత్రం నుంచి ప్రతి విద్యార్థికి ఒక లింక్డ్ క్లోన్ తీయాలి. దానివల్ల ప్రతి ఒక్కరికీ మొత్తం డిస్కు అవసరం లేదు. ఎవరు ఎంత మార్చారో అంత మాత్రమే వారి పేరున దాచబడుతుంది.

మూడవది, ఆదివారం రెండు గంటలు 'చెడగొట్టే గంటలు'గా ప్రకటించాలి. ఆ సమయంలో లోపలి యంత్రంలో ఏమి చేసినా తిట్టకూడదు. ఒకరు సిస్టమ్ ఫైళ్లు తీసేసి ఏమవుతుందో చూడవచ్చు. ఒకరు రెండు వర్చువల్ యంత్రాలను కలిపి నెట్‌వర్కు చేయవచ్చు. ఒకరు హాస్టలు పేరున వెబ్ పేజీ నడపవచ్చు. చెడిన తర్వాత ఎందుకు చెడిందో నోటుబుక్కులో రాయాలి. అదొక్కటే నియమం.

నాలుగవది మా పూర్వ విద్యార్థులకు. ప్రతి ఏడాదీ మనం గోడ గడియారాలు, ఫ్యాన్లు, ఫొటో ఫ్రేములు ఇస్తున్నాం. ఈసారి ఒక్కొక్కరం ఒక్కో ర్యామ్ ముక్క ఇద్దాం. నెలకొక ఆదివారం ఒకరం వచ్చి పిల్లల పక్కన కూర్చుందాం. మౌసు మాత్రం మన చేతిలోకి తీసుకోవద్దు.

తమ్ముళ్లూ, మీకు కూడా ఒక మాట. గది తెరవమని మర్యాదగా, గట్టిగా అడగండి. 'పాడైతే?' అని ఎవరైనా అంటే, పాడైనా బయటి యంత్రానికి ఏమీ కాదని ఈ పేజీ చూపించండి. అప్పటికీ నమ్మకపోతే వార్డెన్ గారి ఎదుటే లోపలి యంత్రాన్ని పూర్తిగా చెడగొట్టి, రెండు నిమిషాల్లో మళ్లీ నిలబెట్టి చూపండి. ఆ పని చేయగలిగిన రోజున గది తాళంచెవి అడగవలసిన అవసరం మీకు ఉండదు, వారే పిలిచి ఇస్తారు.

— పూర్వ విద్యార్థుల బృందం, మోతీనగర్