టీఎంటీ రాశారు.. మరి వెళ్లారా?

మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేసినట్టయింది. డాక్టరు ఈసీజీ తీసి బాగానే ఉందన్నారు. మాత్రలు రాసి, వచ్చే వారం టీఎంటీకి రమ్మన్నారు. ఆ వచ్చే వారం చాలా ఇళ్లలో రానే రాదు. చీటీ ఫైల్లో ఉండిపోతుంది. దీన్ని రోగి నిర్లక్ష్యంగా తేల్చేయడం తేలిక. తరచి చూస్తే అసలు కారణాలు వేరే ఉన్నాయి.

మొదటిది, నొప్పి తగ్గిపోవడం. మాత్రలతో గుండె వేగం, బీపీ అదుపులోకి వస్తాయి. గుండెకు పని భారం తగ్గుతుంది, నొప్పి రాదు. 'గ్యాసే అయ్యుంటుంది, ఇంకెందుకు?' అనిపిస్తుంది. రక్తనాళంలో పూడిక ఉంటే అది మాత్రం అలాగే ఉంటుంది. పైగా ఈసీజీ బాగుందన్న మాట లేనిపోని ధైర్యాన్నిస్తుంది. పడుకుని ఉన్నప్పుడు గుండెకు సరిపోతున్న రక్తం, శ్రమ పడ్డప్పుడూ సరిపోతుందా అన్నది ఆ కాగితం చెప్పలేదు. అందుకే ట్రెడ్‌మిల్‌ మీద నడిపించి, సాధారణంగా మూడేసి నిమిషాలకు వేగం, ఎత్తు పెంచుతూ చూస్తారు. చీటీ చేతికిచ్చేటప్పుడే ఈ ఒక్క ముక్క చెప్పే తీరిక మన ఓపీల్లో కరవైంది.

రెండో కారణం పైకి చెప్పుకోనిది. భయం. 'వెళ్తే ఏదో ఒకటి బయటపెడతారు. యాంజియోగ్రామ్‌ అంటారు. బల్ల మీద ఉండగానే స్టెంట్‌ వేస్తామంటారు' అన్న అనుమానం. ఇది ఊరికే పుట్టింది కాదు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధరలకు కళ్లెం వేయాల్సి వచ్చింది. మందు పూసిన స్టెంటుకు అప్పుడు పెట్టిన గరిష్ఠ ధర పన్నులు కాకుండా 29,600 రూపాయలు. అంతకుముందు బిల్లులు కట్టిన కుటుంబాలకు ఆ తేడా ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

అయితే టీఎంటీ పాజిటివ్‌ వస్తే స్టెంటు తప్పదనుకోవడం సరికాదు. అసలు జబ్బు లేకపోయినా పాజిటివ్‌ రావచ్చు, ముఖ్యంగా మహిళల్లో. 5,179 మందిపై జరిపిన 'ఇస్కీమియా' అధ్యయనం ఫలితాలు 2020లో ప్రచురితమయ్యాయి. జబ్బు నిలకడగా ఉన్నవారిలో కొందరికి మొదట్లోనే యాంజియోగ్రామ్‌ చేసి, అవసరమైతే స్టెంటో బైపాసో చేశారు. మిగతావారిని ముందు మందులతోనే నడిపించారు. మరణాలు, గుండెపోట్ల విషయంలో మొత్తమ్మీద ఇద్దరికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 'అయితే పరీక్షే వద్దులే' అనుకునేరు! ఎడమవైపు ప్రధాన ధమనిలో పెద్ద పూడిక ఉన్నవారినీ, గుండె బాగా బలహీనపడ్డవారినీ ఆ అధ్యయనంలో చేర్చుకోలేదు. మీరు ఏ కోవలో ఉన్నారో తెలియాలంటే పరీక్షలు చేయించుకోవాల్సిందే. మందులతో సరిపెట్టుకోవచ్చా అని డాక్టర్ని గట్టిగా అడిగే హక్కు కూడా ఆ రిపోర్టు చేతిలో ఉంటేనే వస్తుంది.

డబ్బు సంగతి. ఏటా ప్రీమియం కడుతున్నా, చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే వర్తిస్తాయి. ఓపీలో చేయించే ఎకో, టీఎంటీ ఖర్చు జేబులోంచే పోతుంది. ఫీజులు, ఈఎంఐలు ఉన్న నెలలో ముందుగా వాయిదా పడేది ఇదే.

తోడు వెళ్లేవారు లేకపోవడం ఇంకో చిక్కు. పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటారు. ఇక ఇంట్లో అమ్మ వంతు వచ్చేసరికి పండగయ్యాక, పిల్లల పరీక్షలయ్యాక, పెళ్లయ్యాక అంటూ తేదీ జరిగిపోతూనే ఉంటుంది. నాన్న ఎకోకు మాత్రం ఉదయమే కారు సిద్ధం! ఆడవాళ్లలో గుండెజబ్బు ఛాతీ నొప్పి లేకుండా ఆయాసం, నీరసం, దవడ నొప్పిగానూ బయటపడొచ్చు. అందుకే ఆ వాయిదా ఎవరికీ తప్పనిపించదు.

ఆసుపత్రుల బాధ్యతా ఉంది. ఎల్‌ఈడీ బోర్డులకు, ప్యాకేజీ ప్రకటనలకు ఖర్చు పెట్టేవారు ముందురోజు ఒక ఫోన్‌ చేయించలేరా? రాని రోగిని ఎందుకు రాలేదని అడగలేరా? భోజనం ఎన్ని గంటల ముందు మానాలి, షుగర్‌ మందు వేసుకోవాలా, గుండె వేగం తగ్గించే మాత్ర ఆ రోజు ఆపాలా అన్న సందేహాలకు జవాబు దొరక్కే కొందరు ఆగిపోతారు. ఆ మాత్రను మాత్రం సొంతంగా ఆపకూడదు. డాక్టర్ని అడగాలి.

వెళ్లలేకపోతే ఫోన్‌ చేసి అప్పుడే ఇంకో తేదీ తీసుకోండి. ఈలోగా విశ్రాంతిలో ఉన్నా నొప్పి వచ్చినా, చెమటలు పట్టినా, నొప్పి చేతికో దవడకో పాకినా ఆ తేదీ కోసం ఎదురుచూడొద్దు. వెంటనే 108కి ఫోన్‌ చేయండి.