వీనాను బతికించిన సినిమాలు

వైజ్ఞానిక కల్పన నవల, అంటే శాస్త్రం రేపు సాధించగల ఒక వింతను ముందుగా ఊహించి, దానివల్ల మనుషుల బతుకులో ఏమేమి తారుమారవుతాయో చివరిదాకా తర్కించి చూపే నవల, తన అసలు మాటను ముగింపులోనే చెబుతుంది. మధ్యలో యంత్రాలు, సాహసాలు, వింత జీవులు ఎన్ని ఉన్నా, రచయిత మొదట వేసిన ప్రశ్నకు జవాబు చివరి పుటల్లోనే దొరుకుతుంది. అటువంటి నవలను తెరకెక్కించినప్పుడు ముగింపు మార్చేశారన్న ఫిర్యాదు ఒకటి, స్త్రీ పాత్రను పాడుచేశారన్న ఫిర్యాదు మరొకటి విడివిడిగా వినిపిస్తుంటాయి గాని, ఈ రెండు మార్పులూ చాలాసార్లు ఒకే వేరునుంచి పుడతాయి. ప్రేక్షకుణ్ణి ఊరడించి ఇంటికి పంపాలనుకున్న నిర్మాతకు అన్నిటికన్నా దగ్గరిదారి నాయికానాయకులను కలపడమే కాబట్టి, నాయకుడి తప్పువల్ల చనిపోయిన స్త్రీని బతికించవలసి వస్తుంది, అతనికి ముందే భార్య ఉంటే ఆమెను కథలోంచి తీసేయవలసి వస్తుంది, అతనికి ఎదురుతిరిగిన స్త్రీని లొంగదీయవలసి వస్తుంది.

ఈ సంగతి అందరికన్నా స్పష్టంగా కనిపించేది హెచ్.జి. వెల్స్ 1895లో ప్రచురించిన 'ది టైమ్ మెషీన్'లో. అందులోని కాలయాత్రికుడు 8,02,701వ సంవత్సరానికి వెళ్లి మనుషులు రెండు జాతులుగా చీలిపోయి ఉండడం చూస్తాడు. నేలమీద పళ్లు తింటూ పూలతో ఆడుకునే ఈలాయ్‌లు ఒకప్పటి సోమరి ధనికుల సంతతి అనీ, భూగర్భంలో యంత్రాల మధ్య బతుకుతూ రాత్రిపూట పైకివచ్చి ఈలాయ్‌లను వేటాడి తినే మోర్లాకులు ఒకప్పటి కార్మికుల సంతతి అనీ అతను క్రమంగా గ్రహిస్తాడు. ఏటిలో కొట్టుకుపోతున్న వీనా అనే ఈలాయ్ యువతిని తోటివారెవరూ పట్టించుకోకపోతే అతను ఒడ్డుకు చేర్చుతాడు; ఆమె పూలదండ ఇచ్చి, అతని వెంటే తిరుగుతూ, జేబులంటే పూలు పెట్టుకునే విచిత్రమైన పాత్రలనుకుని వాటినిండా పూలు కూరుతుంది. అడవిలో చిక్కుకున్న రాత్రి మోర్లాకులను బెదిరించడానికి అతను ముట్టించిన మంటే పాకి కార్చిచ్చవుతుంది, ఆ చీకటిలో వీనా పోతుంది. పోడు కొట్టే, అంటే అడవిని నరికి కాల్చి సాగుచేసే, నేలమీద అడవికి నిప్పు పెట్టడమంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు. పోడు నిప్పుకు గాలి చూసుకునేవాడు, హద్దు గీసుకునేవాడు ఉంటాడు, కాలయాత్రికుడు అవేవీ చూసుకోలేదు. తన కాలానికి తిరిగివచ్చాక అతని జేబులో మిగిలిన రెండు తెల్లపూలను పరీక్షించిన వైద్యుడు అవి ఏ కుటుంబానికి చెందిన మొక్కవో చెప్పలేకపోతాడు. ఆ తర్వాత మళ్లీ యంత్రమెక్కి వెళ్లిన యాత్రికుడు మూడేళ్లు గడిచినా తిరిగిరాడు.

వెల్స్ వీనాకు న్యాయం చేశాడని చెప్పడానికి వీల్లేదు, ఎందుకంటే ఆమెను అతను పదేపదే పసిపిల్లతో పోలుస్తాడు, ఆమె మనసులోని మాట పాఠకుడికి దాదాపు అందనివ్వడు. అయినా ఆమె చావుకు నవలలో బరువుంది, ఆ బరువు యాత్రికుడి మీదే పడుతుంది. 1960లో జార్జ్ పాల్ తీసిన సినిమాలో వీనా బతుకుతుంది, ఇంగ్లీషు మాట్లాడుతుంది. నాయకుడు ఈలాయ్‌లకు తిరగబడడం నేర్పి, మోర్లాకుల గుహలను తగలబెట్టి, ఒకసారి తన కాలానికి వచ్చి, మూడు పుస్తకాలు పట్టుకుని కొత్త నాగరికతను నిర్మించడానికి ఆమె దగ్గరికే తిరిగిపోతాడు. ఆ మూడు పుస్తకాలేమిటో ఊహించుకోవడం ప్రేక్షకులకు అప్పగించిన ముచ్చటైన పని, కాని ఆ సరదాలో నవల చివర ఉన్న ఆరిపోతున్న సూర్యుడు, జీవమంతా నశిస్తున్న సముద్రతీరం కనుమరుగయ్యాయి. మనిషి ఎంత తెలివైనవాడైనా చివరికి కాలానికి లోబడినవాడేనన్న వెల్స్ నిర్ధారణ పోయి, ఆ స్థానంలో ఒక దంపతుల కాపురం మొదలైంది.

2002లో వెల్స్ మునిమనవడు సైమన్ వెల్స్ దర్శకత్వంలో వచ్చిన చిత్రం మరో అడుగు ముందుకు వేసింది. అందులో శాస్త్రవేత్త యంత్రాన్ని కట్టడానికి కారణమే ఎమ్మా అనే స్త్రీ మరణం. ఆమె ఒకసారి దొంగ చేతిలోను, గతానికి వెళ్లి రక్షించబోతే మరోసారి వీధి ప్రమాదంలోను చనిపోవడం తప్ప కథలో ఆమెకు వేరే పని లేదు. వీనా స్థానంలో వచ్చిన మారా పిల్లలకు చదువు చెప్పే స్త్రీ, ఆ మేరకు మెరుగే అయినా, చివరికి నాయకుడు యంత్రాన్నే బాంబుగా పేల్చి మోర్లాకులను అంతం చేసి ఆమెతో ఉండిపోవడమే ముగింపు.

మన్యం ఏజెన్సీలోని పాడేరు, చింతపల్లి, అరకు వైపు పాఠకులకు ఈ చిత్రంతో మరొక పేచీ ఉండాలి. నవలలో సోమరి సంపన్నుల వారసులైన ఈలాయ్‌లను ఈ సినిమా నిటారైన కొండచరియలకు గూళ్లలాంటి ఇళ్లు కట్టుకున్న, గోధుమవన్నె మేనున్న ఆదివాసులుగా మార్చింది. అనుభవించినవారి పాపం పండిన కథ కాస్తా, బయటినుంచి వచ్చిన విద్యావంతుడు కొండవాళ్లకు ధైర్యం నూరిపోసే కథ అయింది. రంప ఫితూరీ అనే తిరుగుబాటు 1879లో కారం తమ్మన్నదొర వంటి స్థానిక నాయకులతోనే రాజుకుందని తెలిసిన ప్రాంతంలో ఈ మార్పును చూసీచూడనట్టు పోనివ్వడం కుదరదు. తెలుగు సినిమా కూడా ఈ అలవాటుకు దూరం కాదు: చింతపల్లి అడవుల్లో చాలాభాగం తీసిన 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు'లో విజయనిర్మల పోషించిన సీత ప్రధానంగా నాయకుడి కోసం వేచి ఉండే ప్రేయసి, మన్యం స్త్రీలు ఎక్కువగా గుంపులో నిలిచే ముఖాలు.

వెల్స్ నవల ప్రేరణతో తెలుగులో వచ్చిన చిత్రం 1991 నాటి 'ఆదిత్య 369'. సింగీతం శ్రీనివాసరావు ఆ నవలను అనుసరించలేదు, యంత్రం ఆలోచనను మాత్రమే తీసుకుని 1526 నాటి విజయనగరానికీ, 2504 నాటి భవిష్యత్తుకూ కథను నడిపాడు. తెలుగు ప్రేక్షకుడికి కాలయానాన్ని శ్రీకృష్ణదేవరాయల ఆస్థానం మీదుగా పరిచయం చేయడం గొప్ప ఊహ. ఇందులో మోహిని పోషించిన హేమ కూడా యంత్రమెక్కుతుంది, వెల్స్ నవలలో ఏ స్త్రీకీ ఆ అవకాశం లేదు గనుక ఇది నిజంగా లాభమే. అయితే ఆమె ప్రయాణం నాయకుడి ప్రయాణానికి తోడుగానే సాగుతుంది. భవిష్యత్ భాగంలో మనుషులు భూగర్భంలో దాక్కోవడానికి కారణం అణుయుద్ధం, రేడియోధార్మికత. కిందివారి శ్రమమీద పైవారు బతికిన పాపం అన్న వెల్స్ ఆరోపణ మాత్రం ఇక్కడికి రాలేదు.

ఫిలిప్ కె. డిక్ 1968 నాటి నవల ఆధారంగా రిడ్లీ స్కాట్ 1982లో తీసిన 'బ్లేడ్ రన్నర్' ఉదాహరణను త్వరగానే చెప్పుకోవచ్చు. నవలలో కృత్రిమ మానవులను వేటాడే డెకార్డ్‌కు ఇరాన్ అనే భార్య ఉంది. కృత్రిమ స్త్రీ అయిన రేచల్ అతను ప్రాణప్రదంగా కొనుక్కున్న మేకను మేడమీదనుంచి తోసి చంపుతుంది. అలసి ఇంటికి చేరిన భర్త తెచ్చిన కప్ప యంత్రమని తెలిసినా దానికి ఆహారంగా కృత్రిమ ఈగలు కావాలని ఇరాన్ ఫోన్ చేయడంతో కథ ముగుస్తుంది. దయ ఎవరిమీద చూపాలన్న నవల ప్రశ్నకు చివరి జవాబు ఆ ఇల్లాలు ఇస్తుంది. సినిమాలో ఇరాన్ లేదు, మేక లేదు, రేచల్ నాయకుడితో కారులో పచ్చని కొండల్లోకి వెళ్లిపోతుంది, పైగా ఆ కొండల దృశ్యాలు స్టాన్లీ కుబ్రిక్ 'ది షైనింగ్' కోసం తీసి వాడకుండా వదిలేసినవి. 1992లో దర్శకుడి కూర్పుగా విడుదలైన ప్రతిలో ఆ కొండలను తీసేశారు, ఇరాన్‌ను తిరిగి తేవడం మాత్రం ఎవరివల్లా కాలేదు.

స్త్రీయే ప్రధానపాత్ర అయినప్పుడు ఈ ముప్పు ఉండదనుకుంటే పొరపాటని కార్ల్ సేగన్ 1985లో రాసిన 'కాంటాక్ట్' నవల, దాని ఆధారంగా రాబర్ట్ జెమెకిస్ 1997లో తీసిన చిత్రం చూపిస్తాయి. జోడీ ఫాస్టర్ ఎల్లీ ఆరోవేగా గొప్పగా నటించింది, రేడియో దూరదర్శినితో నక్షత్రాల సందేశం వినే శాస్త్రవేత్తగా ఆ పాత్ర ఎంతోమంది అమ్మాయిలకు ఆదర్శమయింది, ఇందులో సందేహం లేదు. కాని నవలలో అమెరికా అధ్యక్షురాలు స్త్రీ. సినిమాలో ఆ కుర్చీలో క్లింటన్ నిజమైన వార్తాచిత్రాలు కనిపిస్తాయి. నవలలో యంత్రమెక్కి వెళ్లేవారు ఐదుగురు, వారిలో దేవీ సుఖావతి అనే భారతీయ శాస్త్రవేత్త ఒకరు. సినిమాలో ఎల్లీ ఒంటరిగా వెళుతుంది. నవలలో ఎల్లీ తల్లి వృద్ధాప్యందాకా జీవించి, కూతురు జీవితాంతం సవతితండ్రి అనుకుని ద్వేషించిన మనిషే కన్నతండ్రి అన్న నిజాన్ని ఉత్తరంలో రాసి పోతుంది. సినిమాలో తల్లి కాన్పులోనే చనిపోయింది.

తల్లి పోవడంతో ముగింపు కూడా పోయింది. వృత్తపరిధిని వ్యాసంతో భాగిస్తే వచ్చే అంతులేని సంఖ్య అయిన 'పై'లో, పదకొండు అంకెల పద్ధతిలో చాలా దూరం లెక్కగట్టాక, సున్నాలు ఒకట్లు కలిసి వృత్తాకారంలో అమరి కనిపిస్తాయని నవల చెబుతుంది. అంటే విశ్వం వెనుక ఒక సంకల్పం ఉందనడానికి సాక్ష్యం గణితంలోనే దొరుకుతుంది. ఆకాశమంతా వెతికిన స్త్రీ తన పుట్టుక సంగతే గ్రహించలేకపోయిందన్న ఎరుక, ఈ లెక్కల ఆవిష్కరణ పక్కపక్కనే వచ్చి ఒకదానికొకటి అర్థమిస్తాయి. సినిమాలో ఎల్లీ సాక్ష్యం లేకుండా విచారణ సంఘం ముందు నిలబడి తన అనుభవాన్ని నమ్మమంటుంది, బయట మతచింతకుడైన ప్రియుడు ఆమెను నమ్ముతున్నానని ప్రకటిస్తాడు. లెక్కగట్టి నిరూపించిన స్త్రీ, నమ్మకం కోరే స్త్రీగా మిగిలింది.

తెరకు తనదైన వ్యాకరణం ఉంటుంది, నవలను మక్కికి మక్కిగా తీస్తే సినిమా కాదన్న వాదన సబబైనదే. టెడ్ చియాంగ్ 1998 నాటి పెద్దకథ ఆధారంగా 2016లో వచ్చిన 'అరైవల్' దానికి మంచి నిదర్శనం. కథలో భాషాశాస్త్రవేత్త లూయీస్ కూతురు ఇరవై ఐదో ఏట కొండ ఎక్కుతూ ప్రమాదంలో చనిపోతుంది. ముందే తెలిసిన ప్రమాదాన్ని ఆపవచ్చు కదా అన్న ప్రశ్న అక్కడ పాఠకుణ్ణి వదలదు. సినిమాలో కూతురు చిన్నవయసులోనే నయంకాని జబ్బుతో పోతుంది, అందువల్ల ఆ ప్రశ్న తగ్గి, పోతుందని తెలిసీ బిడ్డను కనాలా అన్న నిర్ణయం తల్లిదవుతుంది. తత్త్వచింతన కొంత పలచబడినా నిర్ణయించే హక్కు స్త్రీ చేతిలోనే నిలిచింది, అందుకే ఈ మార్పును తప్పుపట్టడం కష్టం. ముగింపు మార్చేవారు ఈ పాటి శ్రద్ధ పెడితే చాలు.

వెల్స్ 1946లో మరణించాడు, రచయిత మరణించాక అరవై ఏళ్లకు హక్కులు చెల్లిపోతాయన్న మన చట్టం ప్రకారం 2007 నుంచి అతని నవలను ఈ దేశంలో ఎవరైనా, ఎవరి అనుమతీ అడగకుండా, సినిమాగానో నాటకంగానో మలచుకోవచ్చు. ఏజెన్సీలో చదువుకుంటున్న ఏ అమ్మాయి అయినా ఆ పని తలపెడితే, యాత్రికుడు నిప్పంటించిన ఆ రాత్రి గురించి వీనా తన భాషలో, తనవాళ్లతో ఏమని చెప్పి ఉండేదో అదే ఆమె ముందుగా రాయవలసిన సన్నివేశం.