పాత పంపు స్టవ్వులు: సేకరించండి, ఇంట్లో మాత్రం వెలిగించకండి



మన హబ్సిగూడ, తార్నాక ప్రాంతాలలో ఈమధ్య ఒక కొత్త వ్యాసంగం కనబడుతున్నది. జుమ్మేరాత్ బజారులోనో, ఎర్రగడ్డ ఆదివారపు సంతలోనో దొరికిన పాత ఇత్తడి పంపు స్టవ్వులను, గుడారాలకు పట్టుకువెళ్ళే చిన్న స్టవ్వులను కొని తెచ్చి, చింతపండుతో తోమి, బాగుచేసి, మళ్ళీ వెలిగిస్తున్నారు. వీరిలో విశ్రాంత ఉద్యోగులూ ఉన్నారు, విశ్వవిద్యాలయ విద్యార్థులూ ఉన్నారు. పాత వస్తువులను కాపాడుకోవడం మంచి అలవాటే. దానిని నేను తప్పుపట్టడం లేదు. అపార్ట్‌మెంటు వంటగదిలో, అద్దాలు బిగించిన బాల్కనీలో, మూసిన గుడారంలో వాటిని వెలిగించి "ఆ రోజులే వేరు" అని మురిసిపోవడంపైనే నా అభ్యంతరం. వైద్యునిగా ఈ మాట గట్టిగా చెప్పవలసిన బాధ్యత నాకున్నది.

ముందు ఆ వస్తువు గొప్పతనాన్ని ఒప్పుకుందాం. 1892లో స్వీడన్ దేశస్థుడు ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ ప్రైమస్ స్టవ్వును రూపొందించాడు. తొట్టిలో పంపుతో గాలి నింపితే, ఆ ఒత్తిడికి కిరసనాయిలు గొట్టం గుండా పైకి పోతుంది. ముందే వేడెక్కిన బర్నర్‌లో ఆవిరిగా మారి, సన్నని రంధ్రం నుండి వేగంగా వెలువడి, నీలిమంటతో మండుతుంది. వత్తి లేదు, మసి తక్కువ, వేడి ఎక్కువ. 1911లో దక్షిణ ధ్రువం చేరిన అముండ్‌సెన్ బృందం, 1953లో ఎవరెస్ట్ ఎక్కిన బృందం ఇటువంటి స్టవ్వులనే నమ్ముకున్నాయి. మన దేశంలోనూ కొన్ని దశాబ్దాలపాటు ఎన్నో వంటిళ్ళు దాని హోరుతోనే తెల్లవారేవి.

"అంత గొప్ప వస్తువును మా అమ్మమ్మలు ముప్పై ఏళ్ళు వాడారు, ఏమీ కాలేదు" అన్నది అభిమానుల మొదటి వాదం. ఏమీ కానివారు మాత్రమే ఆ మాట చెప్పగలరు. అయినవారు చెప్పడానికి లేరు. 1970లు, 80లలో ప్రభుత్వ ఆసుపత్రుల కాలిన గాయాల వార్డులలో పనిచేసిన ఏ వైద్యుడినైనా అడగండి. "స్టవ్వు పేలి గృహిణి మృతి" అనే శీర్షిక ఆనాటి పత్రికలలో ఎంత తరచుగా వచ్చేదో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. వాటిలో కొన్ని నిజమైన ప్రమాదాలు. మరికొన్ని స్టవ్వు పేరు చెప్పి కప్పిపుచ్చిన వరకట్న హత్యలు. మరణవాంగ్మూలం ఇవ్వగల స్పృహలో ఆమె ఉన్నదని ధ్రువీకరించే పని వైద్యునిది. మంచం పక్కన అత్తింటివారు నిలబడి ఉంటే, ఆమె నోట "స్టవ్వే పేలింది" అన్న మాట తప్ప వేరే మాట రాకపోవడం మా తరం వైద్యులకు తెలియని సంగతి కాదు. 1983లో భారత శిక్షాస్మృతిలో 498ఎ సెక్షను, 1986లో 304బి సెక్షను చేరడం వెనుక ఇటువంటి చావులు ఎన్నో ఉన్నాయి. పాత స్టవ్వు జ్ఞాపకాలను నెమరువేసుకునేవారు ఈ జ్ఞాపకాన్ని వదిలివేయడం న్యాయమేనా?

రెండవ వాదం: "మేము చదువుకున్నవాళ్ళం, జాగ్రత్తగా వాడతాం." జాగ్రత్త వాడేవారిలో ఉండవచ్చు. యాభై ఏళ్ళనాటి లోహంలో ఉండదు. పంపులోని తోలు వాషర్ ఎండి బిగుసుకుపోతుంది. అతుకుల వద్ద కంటికి కనబడని పగుళ్ళు ఏర్పడతాయి. మూతలోని రబ్బరు గట్టిపడి ఆవిరిని ఆపలేకపోతుంది. బర్నర్ చాలినంత వేడెక్కకముందే పంపు కొడితే ఆవిరికి బదులు నూనే చిమ్ముతుంది, పసుపుమంట ఒక్కసారిగా పైకి లేస్తుంది. పాత సరంజామాలో వేడి తగలకుండా వాడిన అట్టలు, తాళ్ళు ఆస్బెస్టాస్‌వి కావచ్చు. వాటిని గీకి శుభ్రం చేస్తే లేచే ధూళి ఊపిరితిత్తులకు శాశ్వత హాని చేయగలదు.

ఇక మన ఎండలు. కిరసనాయిలు ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే స్థాయికి చేరడానికి 35 నుండి 38 డిగ్రీల వేడి చాలు. మే నెలలో హైదరాబాదు ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. స్వీడన్ మంచులో నిశ్చింతగా ఉండే నూనె మన బాల్కనీలో వెలిగించకముందే ప్రమాదపు అంచున ఉంటుంది. కిరసనాయిలు దొరకలేదని అదే స్టవ్వులో పెట్రోలు పోసేవారూ ఉన్నారు. పెట్రోలు ఆవిరి గడ్డకట్టే చలిలో సైతం అంటుకుంటుంది. ఇది సాహసం కాదు, ఆత్మహత్యాసదృశమైన పని.

మంటకన్నా నిశ్శబ్దంగా చంపేది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్‌కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత, తరువాత స్పృహ తప్పడం: ఈ క్రమంలో మనిషి తనకేమవుతున్నదో తెలియకుండానే ఒరిగిపోతాడు. 1934లో అంటార్కిటికాలో ఒంటరిగా శీతకాలం గడిపిన అమెరికన్ అన్వేషకుడు రిచర్డ్ బర్డ్ తన గుడిసెలోని పొయ్యి, జనరేటర్ల పొగవల్ల మృత్యుముఖం దాకా వెళ్ళాడు. అంతటి అనుభవజ్ఞుడికే తప్పనిది అనంతగిరి కొండలలో గుడారం జిప్పు మూసుకుని టీ కాచుకునే విద్యార్థికి తప్పుతుందా? ఇంకొక హెచ్చరిక. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరు ఈ విషాన్ని గుర్తించలేదు. ప్రాణం పోతున్నప్పుడు కూడా అది 98 అని చూపవచ్చు. ఆ అంకెను చూసి ధైర్యపడకండి. మనిషిని వెంటనే ఆరుబయటికి తెచ్చి ఆసుపత్రికి చేర్చండి. మామూలు గాలిలో ఈ వాయువు రక్తంలో సగానికి తగ్గడానికి 4 నుండి 5 గంటలు పడుతుంది, పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర చాలు.

పిల్లలున్న ఇంటివారు మరొకటి గమనించాలి. కిరసనాయిలును మంచినీళ్ళ సీసాలో, కూల్‌డ్రింకు సీసాలో దాచడం ఘోరమైన పొరపాటు. పిల్లవాడు పొరపాటున తాగితే వాంతి చేయించకండి. వాంతితో ఆ నూనె ఊపిరితిత్తులలోకి పోయి న్యుమోనియా తెస్తుంది. నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఇంత చెప్పినా వెలిగించి తీరాలనుకునేవారికి నా షరతులు ఇవి. ఆరుబయట, చదునైన నేలమీద, ఎండుగడ్డికి, ఎండుటాకులకు దూరంగా మాత్రమే వెలిగించండి. ముందుగా వాషర్లన్నీ కొత్తవి వేయించండి. నూనె లేకుండా గాలి నింపి, అతుకులకు సబ్బునీరు పూసి, బుడగలు వస్తున్నాయేమో చూడండి. వచ్చినట్లయితే అది అలమారుకే పరిమితం. ఏ ఇంధనానికి తయారైన స్టవ్వులో ఆ ఇంధనమే పోయండి. వేడిగా ఉన్నప్పుడు మూత తీయకండి, నూనె నింపకండి. నైలాన్, పాలియెస్టర్ బట్టలు కట్టుకుని దగ్గరకు వెళ్ళకండి. ఒక బకెట్ ఇసుక పక్కన ఉంచండి. నూనెమంటపై నీళ్ళు చల్లితే మంట మరింత వ్యాపిస్తుంది.

ఒంటికి నిప్పంటుకుంటే పరుగెత్తకుండా నేలపై దొర్లాలి. కాలిన చోట 20 నిమిషాలు కుళాయి నీరు ధారగా పోయండి. గాజులు, ఉంగరాలు వెంటనే తీసివేయండి. దోసెపిండి, సిరా, పళ్ళపొడి, పసుపు, మంచుగడ్డ ఏదీ పెట్టవద్దు. శుభ్రమైన బట్ట కప్పి 108కి ఫోను చేయండి.

చివరిగా ఒక మాట. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం మొదలై పేద మహిళలకు గ్యాసు కనెక్షన్లు అందాయి. కట్టెలపొయ్యి పొగనుండి, కిరసనాయిలు క్యూలనుండి, పంపు స్టవ్వు భయంనుండి బయటపడటం ఆ ఇల్లాళ్ళకు చిన్న విషయం కాదు. వారు ఊపిరి పీల్చుకుని వదిలిపెట్టిన వస్తువును మనం ముచ్చటపడి మళ్ళీ వంటింట్లోకి తెస్తున్నాము. మీ ఇంట్లో పెద్దామె ఎవరైనా ఉంటే, ఆ స్టవ్వు వెలిగించేముందు ఆమెను అడగండి: "దీనితో నీకు ఎప్పుడైనా భయం వేసిందా?" అని. ఆమె చెప్పేది పూర్తిగా విన్న తరువాతనే అగ్గిపుల్ల గీయాలో వద్దో నిర్ణయించుకోండి.