పొదిగే పెట్టె వచ్చింది, పిల్లలేవీ?

చీపురుపల్లి, రాజాం ప్రాంతాల కూలిపేటల్లో ఈ మధ్య మేం ఎక్కడికి పోయినా ఒక మాట వినబడుతున్నది: "పెట్టి కొన్నాం బాబూ, గుడ్లన్నీ మురిగిపోనాయి." పెట్టె అంటే కరెంటుతో గుడ్లు పొదిగే ఇంక్యుబేటర్. డ్వాక్రా అప్పుతో కొంటున్నవాళ్లున్నారు. థర్మాకోల్ పెట్టెకు బల్బు తగిలించి ఇంట్లోనే చేసుకుంటున్న కుర్రాళ్లూ వున్నారు.

మొన్న వానల్లో ఒక అప్ప ఇంటికి వెళ్లాం. నలభై గుడ్లకు తొమ్మిది పిల్లలు లేచాయి. "నా పెట్ట పన్నెండు గుడ్ల మీద కూకుంటే పది లేపీది. ఈ పెట్టికేటి రోగం తమ్ముడూ?" అని అడిగింది. ఆమె ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయడానికి వీల్లేదు. భూమిలేని ఇంట్లో ఆడమనిషి చేతిలో మిగిలిన ఆస్తి కోళ్లే. బిడ్డకు జ్వరమొస్తే అమ్ముడయ్యేది పుంజే.

మరి పెట్ట వుండగా పెట్టె ఎందుకు? పొదుగుకు కూర్చున్న కోడి 21 రోజులూ, ఆపైన పిల్లల్ని తిప్పే వారాలూ గుడ్డు పెట్టదు. హైదరాబాదు కోళ్ల పరిశోధనా సంస్థ తయారుచేసిన వనరాజా వంటి రకాలు అసలు పొదగవు. కనుక పెట్టె మనకు అవసరమే. కాని కోడికి పుట్టుకతో వచ్చిన విద్య పెట్టెకు రాదు. అది మనమే నేర్చుకోవాలి.

ముందు గుడ్డు సంగతి. కొట్లో దొరికే ఫారం గుడ్డు పుంజు లేకుండా పెట్టినది, దాన్నుంచి పిల్ల రాదు. పది పెట్టలకొక పుంజు వుండాలి. ఏడు రోజులు దాటిన గుడ్డు పనికి తక్కువ. ఎండాకాలంలో రేకుల ఇంట్లో నాలుగు రోజులకే చెడుతుంది, తడి ఇసుకలో దించిన కుండలో దాచాలి. గుడ్డు కడగకూడదు, వెడల్పు కొస పైకి వుండాలి.

వేడి, ఫ్యాను వున్న పెట్టెలో 37.5 డిగ్రీలు. ఫ్యాను లేకపోతే గుడ్డు పైభాగం దగ్గర 38.5. పెట్టెతో వచ్చిన థర్మామీటరును నమ్మవద్దు. గోరువెచ్చని నీళ్లలో దాన్నీ, జ్వరం చూసేదాన్నీ కలిపి పెట్టి సరిచూసుకోండి. ఒక పక్క గీత, ఇంకో పక్క సున్నా గీసి రోజుకు మూడుసార్లో అయిదుసార్లో తిప్పాలి. 18వ రోజుతో తిప్పడం ఆపి, మూత మూసేయాలి. పిల్ల గుడ్డు పొడిచే వేళ మూత తీస్తే లోపొర ఆరి పిల్లకు అతుక్కుపోతుంది.

అప్ప దగ్గర పగలగొట్టి చూస్తే చాలా గుడ్లలో పూర్తిగా తయారైన పిల్ల నీరుపట్టి చచ్చివుంది. కాగితంలో రాసినట్టు ఆమె పళ్ళెం నిండా నీళ్లు పోసింది. సముద్రపు గాలి తగిలే మన ప్రాంతంలో వానాకాలం గాలికే బోలెడు తడి వుంటుంది, ఆ కాగితం రాసినవాడికి అది పట్టలేదు. 50 గ్రాముల గుడ్డు 18 రోజులకు సుమారు 6 గ్రాములు తగ్గాలి. తగ్గకపోతే నీళ్లు తగ్గించాలి. కిరాణా కొట్టు త్రాసు చాలు, చదువు అక్కర్లేదు.

రెండో దెబ్బ కరెంటు. ఒక రాత్రి అయిదు గంటలు లేదు, ఆమె కంగారుతో మాటిమాటికీ మూత తీసి చూసింది. తీయకుండా గోనెసంచులు కప్పి, వేడినీళ్ల సీసాలు పక్కన పెడితే గుడ్లు కొన్ని గంటలు తట్టుకుంటాయి. తల్లికోడి కూడా మేతకు లేచి పోతుంది కదా! చల్లదనం కంటే వేడి ఎక్కువవడమే పెద్ద ప్రమాదం. అయితే 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఉద్దానం రోజుల తరబడి చీకట్లో వుంది. అలాంటప్పుడు ఏ సంచీ కాపాడదు. బంగ్లాదేశ్‌లో ఆడవాళ్లు వరి ఊక నింపిన గొట్టాల మధ్య లాంతరు వేడితో బాతుగుడ్లు పొదిగించారు. ఊకకు మనకేం కరువు? ఈ పద్ధతిని మన ఊళ్లలో ఎవరైనా చూపించారా?

పాలకుల సంగతి చూడండి. 2019 పశుగణన ప్రకారం దేశంలో పెరటికోళ్లు 31.7 కోట్లు. 2012 కంటే 45.8 శాతం పెరిగాయి, ఫారం కోళ్లు పెరిగింది 4.5 శాతమే. అంటే ఈ పెరుగుదల తెచ్చింది పేదల వాకిళ్లే. కాని 2021లో సవరించిన జాతీయ పశుసంపద మిషన్ నిబంధనల్లో గ్రామీణ కోళ్ల యూనిట్‌కు సగం ఖర్చు, 25 లక్షల దాకా సబ్సిడీ పెట్టి, కనీసం 1000 పెట్టలుండాలన్నారు. వెయ్యి పెట్టలున్నవాడు కూలికి పోతాడా?

ఇక పిల్ల లేచాక కొక్కెర తెగులు. మొదటి వారంలోనే లసోటా చుక్క కంట్లో వేయాలి. ఒక సీసా వందకు పైగా పిల్లలకు వస్తుంది, కలిపాక కొద్ది గంటల్లో వాడెయ్యాలి. తొమ్మిది పిల్లలున్న మనిషి సీసా ఎలా కొంటుంది? కొనక, తెగులొచ్చి అన్నీ పోగొట్టుకుంటుంది. అందుకే పేటలో పెట్టెలున్న వాళ్లంతా ఒకే రోజు గుడ్లు పెట్టాలంటున్నాం. పిల్లలన్నీ ఒకే రోజు లేస్తే ఒక సీసా అందరికీ సరిపోతుంది. రైతు సేవా కేంద్రం పశుసంవర్ధక సహాయకుణ్ణి ఆ రోజు పేటకు రమ్మని ముందే రాతపూర్వకంగా అడగవచ్చు. రాకపోతే పదిమందీ కలిసి వెళ్లి అడగవచ్చు.

ఆ అప్పా, ఇంకో ఇద్దరూ సోమవారం గుడ్లు పెట్టారు. పళ్ళెంలో నీళ్లు సగమే పోశారు. సహాయకుడికి ఇచ్చిన కాగితానికి నకలు మా దగ్గర వుంది.