తిట్టేదెవరు, పడేదెవరు

రోజువారీ మాటల్లో తిట్లు ఉండవచ్చా, కూడదా అన్న చర్చ వచ్చినప్పుడల్లా దాన్ని సభ్యత అనే ఒక్క కొలతతోనే కొలిచి, చదువుకున్నవాళ్లు తిట్టరనీ, మోటువాళ్లు తిడతారనీ తేల్చేయడం తెలుగునాట రివాజైంది. కర్నూలు, కడప జిల్లాల విషయంలో ఈ తీర్పు మరింత సులువుగా వెలువడుతుంది. కరువు నేల గనుక మాట కరుకని కొందరు జాలిగా అంటే, ఫ్యాక్షన్ సీమ గనుక నోటికి అదుపు లేదని మరికొందరు వెక్కిరింపుగా అంటారు. 1999లో వచ్చిన 'సమరసింహారెడ్డి' తర్వాత వరసకట్టిన ఫ్యాక్షన్ సినిమాలు సీమ యాసను సవాలు విసిరే గొంతుగా మాత్రమే వినిపించి ఈ అపప్రథకు ఊతమిచ్చాయి. వానకూ తిట్టుకూ లంకె లేదు. మూడు కార్లు పండే డెల్టా పల్లెల్లోనూ తిట్లకు కరువేమీ లేదు. ఎవరు ఎవరిని తిట్టగలుగుతున్నారు, పడ్డవాళ్లకు తిరిగి ఒక మాట అనే వీలుందా లేదా అన్న ప్రశ్న వేసుకుంటే తప్ప ఈ విషయంలో సబబైన తీర్పు చెప్పడం సాధ్యం కాదు.

ముందుగా మాటలను విడదీసి చూడాలి. ఎదుటివారిని చిన్నబుచ్చే ఏ మాటైనా తిట్టే. వారికి కీడు జరగాలని కోరే తిట్టు శాపనార్థం. లైంగిక అవయవాలనో క్రియలనో బాహాటంగా పేర్కొనేది బూతు. పుట్టుకనో కులాన్నో అవిటితనాన్నో పట్టుకుని మనిషిని కించపరిచేది దూషణ. వాడుకలో ఇవి కలగలిసిపోతాయి గాని, వీటి బరువు ఒకటి కాదు. కడప పల్లెలో పొద్దు గూకినా ఇల్లు చేరని మనవణ్ని చూసి జేజి, అంటే నాయనమ్మ, "నీ పాడె గట్ట, యాడ సచ్చినావురా ఇంతసేపు, రా, కూడు తిందువు" అన్నప్పుడు, అక్షరార్థంలో అది చావును కోరే శాపమే అయినా, ఆ పిల్లవాడి చెవికి ఎక్కేది చివరనున్న కూడు మాటే. బావామరదళ్ల మధ్య, మేనమామ మేనల్లుళ్ల మధ్య సాగే మోటు సరసం కూడా ఇలాంటిదే. వరసైనవాళ్లు ఒకరినొకరు ఏమన్నా కోపం తెచ్చుకోకూడదన్న ఈ ఆనవాయితీ ప్రపంచంలోని అనేక సమాజాల్లో ఉందనీ, పేచీ వచ్చే అవకాశమున్న బంధుత్వాల్లో ఆ ఉద్రిక్తతను నవ్వుగా మళ్లించడమే దాని పని అనీ రాడ్‌క్లిఫ్ బ్రౌన్ అనే మానవశాస్త్రజ్ఞుడు 1940లో వివరించాడు. అయితే ఈ చనువుకు గట్లున్నాయి. బావ అనగలిగిన మాట అన్న అనలేడు, పెళ్లిపందిట్లో చెల్లిన మాట కర్మాంతరం నాడు చెల్లదు.

ఎవరినీ ఉద్దేశించని తిట్టు మరొక రకం. జొన్న కొయ్య పాదంలో దిగినప్పుడు సేద్యగాడి నోట వచ్చే మాటకు వినేవాడు ఉండనక్కరలేదు. ఇంగ్లండులోని కీల్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్టీఫెన్స్ బృందం 2009లో ప్రచురించిన ప్రయోగంలో, మంచునీళ్లలో చెయ్యి ముంచి తిట్టుమాట పలికినవాళ్లు, మామూలు మాట పలికినవాళ్లకంటే ఎక్కువసేపు ఆ బాధను ఓర్చుకోగలిగారు. రెండేళ్ల తర్వాత అదే విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన మరో అధ్యయనం, అస్తమానం తిట్టేవాళ్లకు ఈ ఉపశమనం తక్కువని తేల్చింది. నొప్పి తీర్చే తిట్టు వాడేకొద్దీ వాడి తగ్గుతుందన్న ఈ రెండో సంగతిని, తిట్లను వెనకేసుకొచ్చేవాళ్లు సాధారణంగా ప్రస్తావించరు.

బూతుకు ఈ ప్రాంతపు సాహిత్యంలో ఉన్న చోటు చిన్నదేమీ కాదు. పదహారు, పదిహేడు శతాబ్దాల సంధికాలంలో సిద్ధవటాన్ని ఏలిన మట్లి రాజుల ఆశ్రయంలో ఉన్నాడని సాహిత్య చరిత్రకారులు చెప్పే కవి చౌడప్ప, నీతినీ బూతునీ ఒకే శతకంలో పక్కపక్కన కూర్చోబెట్టడమే కాక, కాస్త బూతు లేనిదే నవ్వు పుట్టదన్న వాదాన్ని ఏ సంకోచమూ లేకుండా వినిపించాడు. వేమన పేరుతో చలామణి అయ్యే పద్యాల్లోనూ పెద్దల ముందు చదవలేనివి చాలా ఉన్నాయి. పాఠ్యపుస్తకాల వేమన, సంకలనాల వేమన వేర్వేరు మనుషులేమో అనిపించేటంతటి తేడా ఉంది. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చి, 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించిన సి.పి. బ్రౌన్, 1852లో వెలువడిన తన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో పండితుల మాటలతో పాటు జనం నోట నలిగే మోటు మాటలకూ చోటిచ్చాడు. భాషను నమోదు చేసేవాడికి సిగ్గు అడ్డురాకూడదన్న ఆ వైఖరి, తర్వాతి కాలపు తెలుగు నిఘంటుకర్తల్లో చాలామందిలో కనిపించదు.

ప్రదర్శన కళల్లో, జాతరల్లో ఈ వెసులుబాటు ఇంకా స్పష్టం. తోలుబొమ్మలాటలో రామాయణ, భారత కథలు నడుస్తుండగా మధ్యలో దూకే కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క ఆడే మాటలు పగటిపూట రచ్చబండ మీద ఎవరైనా ఆడితే తగాదా అవుతుంది. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషం కట్టిన భక్తుడు ఎదురొచ్చినవాళ్లను బూతులు తిట్టడం మొక్కులో భాగం. తిట్లు పడ్డవాళ్లు దాన్ని అమ్మవారి పేరనే స్వీకరిస్తారు. వీటిని చూపి, బూతు మన సంస్కృతిలోనే ఉంది గనుక ఇప్పుడు ఎక్కడైనా వాడవచ్చునని వాదించడం మాత్రం కుదరదు. జాతర ముగిసి వేషం విప్పాక అవే మాటలకు ఆ రక్షణ ఉండదు. బూతుకు ఒక రాత్రిని, ఒక వేషాన్ని, ఒక పాత్రను కేటాయించడమంటే, మిగిలిన కాలమంతా దానికి గట్టు కట్టడమే.

ఈ గట్లు ఎవరికోసం కట్టినవన్న ప్రశ్న దగ్గర పల్లె జీవితం మీద ఉండే మురిపెం చెదిరిపోతుంది. భూస్వామి తన తండ్రి వయసున్న జీతగాణ్ని "ఏమిరా" అని పిలిచి, తల్లిని ముడిపెట్టి తిట్టినా, అవతలి నోట "రెడ్డీ", "సామీ" తప్ప మరో మాట రాని కాలం మరీ పాతదేమీ కాదు. పనిలోకి ఆలస్యంగా వచ్చిన కూలి ఆడమనిషిని గట్టు మీద నిలబడి తిట్టే మాటల్లో పని ప్రసక్తి తక్కువ, ఆమె నడత ప్రసక్తి ఎక్కువ. మగవాళ్లు మగవాళ్లను తిట్టుకునే బూతుల్లోనూ ఎక్కువ పాలు ఎదుటివాడి తల్లి మీదో, ఆలి మీదో, అక్కచెల్లెళ్ల మీదో పడతాయి. తగాదా నీటి వంతు గురించైనా, పంచాయతీ ఎన్నిక గురించైనా, దానితో సంబంధం లేక ఇంట్లో ఉన్న ఆడమనిషే మాట పడుతుంది. బోరింగు దగ్గర బిందెల వరస కోసం ఆడవాళ్లు ఒకరినొకరు దులిపేసుకునేటప్పుడు సైతం మగవాళ్లు తయారుచేసి పెట్టిన ఆ మాటలే అరువు తెచ్చుకోవలసి వస్తోంది. తిట్టు అందరి హక్కు అనేవాళ్లు ఈ అసమానతకు జవాబు చెప్పవలసి ఉంటుంది.

కులం పేరుతో తిట్టడం విషయంలో చట్టం ఈ అసమానతను గుర్తించింది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 2015 సవరణ తర్వాతి రూపంలో, జనం కంటపడే చోట షెడ్యూల్డు కులాల, తెగల వ్యక్తిని కులం పేరుతో దూషిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు శిక్ష విధిస్తుంది. జనం కంటపడే చోటు అన్న షరతు కీలకమైంది. నాలుగు గోడల మధ్య, సాక్షులు లేని చోట అన్న మాట ఈ సెక్షన్ కిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు హితేష్ వర్మ కేసులో చెప్పింది. ఈ చట్టం లక్ష్యం నోటి మర్యాద కాదు, నోటి వెనకనున్న పెత్తనం. అందుకే తిట్ల గురించి చేసిన చట్టాలన్నింటిలోకీ ఆలోచన స్పష్టంగా ఉన్నది ఇదే.

ఫోను చేతికొచ్చాక మారిందేమిటి? కొత్త తిట్లేవో పుట్టుకొచ్చాయనడం కంటే, పాత తిట్లకున్న గట్లు తెగిపోయాయనడం సరైనది. ఎదురుగా ఉన్న మనిషి ముఖం, ఆ మనిషితో ఉన్న వరస, రేపు ఇదే వీధిలో మళ్లీ ఎదురుపడాలన్న ఎరుక, మధ్యలో కల్పించుకుని సర్దిచెప్పే పెద్దమనిషి, ఇవేవీ తెర మీద ఉండవు. నోటి మాట గాలిలో కలిసిపోయేది. ఇప్పుడది స్క్రీన్‌షాట్‌గా నిలిచి ఊళ్లు తిరుగుతుంది. తెలుగును ఇంగ్లీషు లిపిలో రాయడం, బూతును రెండు మూడు అక్షరాలకు కుదించడం వల్ల తిట్లను ఏరివేసే యంత్రాలకు అవి చిక్కడం కష్టమవుతోంది. ఇలాంటి కలగలుపు రాతల్లోని ద్వేషపు మాటలను కంప్యూటరు చేత గుర్తింపజేసే పోటీని ద్రావిడ భాషా సాంకేతిక పరిశోధకులు 2024లో తెలుగు కోసం ప్రత్యేకంగా నిర్వహించారు. పరాయి భాషలో తిడితే నాలుకకు బరువు తెలియదన్నదీ ఇక్కడ గమనించదగ్గది. బహుభాషీయుల మీద అధ్యయనాలు చేసిన జాన్ మార్క్ డివేల్, తర్వాత నేర్చిన భాషలోని తిట్లకంటే తల్లిభాష తిట్లే మనసుకు గట్టిగా తగులుతాయని 2004లో రాశాడు. దక్కనీ ఉర్దూ వినపడే కర్నూలు, కడప వీధుల్లో పెరిగిన తెలుగు కుర్రవాడు ఉర్దూ బూతును, కాలేజీలో చేరాక ఇంగ్లీషు బూతును ఊతపదంగా వాడేయగలగడం ఇందువల్లే కావచ్చు. అది ఎవరి తల్లిభాషో వాళ్ల చెవిలో మాత్రం దాని బరువు తగ్గదు.

ఇన్ని గట్లు తెగినా, తిట్టు దిక్కు మారలేదు. సినిమా హీరోల అభిమానుల వాదులాటల్లోనూ, పార్టీ కార్యకర్తల కొట్లాటల్లోనూ మొదట ఇంటి ఆడవాళ్ల పేర్లు, ఆ వెంటనే కులం పేరు రావడం పొలం గట్టు మీది పద్ధతికి కొనసాగింపే. రాజకీయ వేదికలు ఇందుకు దారి చూపాయి. 2021 అక్టోబర్ 19న, అప్పటి ముఖ్యమంత్రిని ఉద్దేశించి ప్రతిపక్ష పార్టీ అధికార ప్రతినిధి బూతుమాట వాడారన్న ఆరోపణ మీద మంగళగిరిలోని ఆ పార్టీ కేంద్ర కార్యాలయం మీద దాడి జరిగింది. మర్నాడు ఆ ప్రతినిధి అరెస్టయ్యారు. సరిగ్గా నెల తర్వాత, నవంబర్ 19న, తన భార్యను కించపరిచారంటూ అప్పటి ప్రతిపక్ష నేత చంద్రబాబు నాయుడు శాసనసభను వదిలి వెళ్లి విలేకరుల ముందు కన్నీళ్లు పెట్టుకున్నారు. 2024లో ప్రభుత్వం మారింది. ఆ నవంబర్‌లో సోషల్ మీడియా పోస్టుల మీద రాష్ట్రమంతటా కేసులు, అరెస్టులు సాగాయి. 2025 ఫిబ్రవరి 26న నటుడు, రచయిత పోసాని కృష్ణమురళిని హైదరాబాదులో అరెస్టు చేసి పాత కడప జిల్లాలోని ఓబులవారిపల్లె స్టేషనుకు తెచ్చారు. ఆ తర్వాత ఆదోని పోలీసుల కేసులో ఆయన కర్నూలు జైలుకూ వెళ్లారు. నేతల మీద, వారి కుటుంబాల మీద అసభ్య వ్యాఖ్యలు చేశారన్న ఆరోపణకు భారతీయ న్యాయ సంహితలో వ్యవస్థీకృత నేరాల కోసం ఉద్దేశించిన 111వ సెక్షన్ కూడా జోడించారు. ఆ వ్యాఖ్యలను సమర్థించవలసిన పని లేదు. వాటికి ముఠా నేరాల సెక్షన్ తగిలించడాన్ని సమర్థించడం అంతకన్నా కష్టం.

ఇంతకీ చట్టం ఏమంటోంది? 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో, బహిరంగ స్థలంలో ఇతరులకు ఇబ్బంది కలిగేలా అశ్లీలపు మాటలాడటం 296వ సెక్షన్ కింద, శాంతిభంగానికి రెచ్చగొట్టేలా అవమానించడం 352వ సెక్షన్ కింద నేరాలు. ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేశాక, ఆన్‌లైన్ బూతుల మీద ఎక్కువగా అశ్లీల సమాచారానికి సంబంధించిన 67వ సెక్షన్‌నే వాడుతున్నారు. 'కాలేజ్ రొమాన్స్' అనే వెబ్ సిరీస్ మీద పెట్టిన అలాంటి కేసును 2024 మార్చి 19న కొట్టివేస్తూ సుప్రీంకోర్టు, బూతుమాటను అక్షరార్థంలో తీసుకోకూడదనీ, అది సాధారణంగా కోపాన్నీ విసుగునూ వెల్లడించేదే తప్ప కామోద్రేకం కలిగించేది కాదనీ, మోటుతనం వేరు, అశ్లీలం వేరు అనీ స్పష్టం చేసింది. జేజి మాట విన్న మనవడికి తెలిసిన సంగతిని న్యాయస్థానం చట్టభాషలో చెప్పినట్టయింది. అయితే ఇది సగం జవాబే. అశ్లీలం కాని తిట్టు కూడా మనిషిని కుంగదీయగలదు, నోరు మూయించగలదు; ఒక మహిళా సర్పంచ్ పెట్టిన పోస్టు కింద ఆమె నడత మీద వంద వ్యాఖ్యలు పడితే, వాటిలో ఒక్కటీ కామోద్రేకం కలిగించకపోవచ్చు, ఆమె మాత్రం మళ్లీ పోస్టు పెట్టకపోవచ్చు.

కాబట్టి తిట్లన్నిటినీ ఒకే గాటన కట్టి నిషేధించడం, ఒకే గాటన కట్టి సమర్థించడం రెండూ పొరపాటే. బాధకో విసుక్కో వచ్చిన ఊతపదాన్ని, సమాన చనువున్నవాళ్ల మోటు సరసాన్ని, అధికారంలో ఉన్నవాళ్ల మీద సామాన్యుడు వెళ్లగక్కిన కోపాన్ని సమాజం భరించవచ్చు, భరించాలి కూడా. కులాన్ని, పుట్టుకను, ఇంటి ఆడవాళ్లను లాగే మాట ఎవరి నోట వచ్చినా, ముఖ్యమంత్రి మీద వచ్చినా, ముఖ్యమంత్రి తరఫున వచ్చినా, ఒప్పుకోదగింది కాదు. దీన్ని అమలు చేసే పని పోలీసులకు అప్పగిస్తే జరిగేదేమిటో గత నాలుగైదేళ్ల అనుభవం చెబుతోంది. పెద్దవాళ్లకు తగిలిన మాటకు జిల్లాలు దాటి వారంట్లు నడుస్తాయి, కూలి ఆడమనిషి పడ్డ మాటకు స్టేషనులో కాగితం కదలదు.

ఈ పనిలో ఎక్కువ భాగం చేయగలిగినవి వాట్సాప్ గ్రూపులే. సభ్యుల రాతలకు వాట్సాప్ అడ్మిన్‌ను నేరస్థుణ్ని చేయలేమని బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2021లో, కేరళ హైకోర్టు 2022లో తీర్పు చెప్పాయి గనుక, కేసు భయంతో గ్రూపును మూసేయవలసిన అగత్యం అడ్మిన్‌కు లేదు. మనిషిని చేర్చుకునే, తీసేసే వీలు, మాటను తొలగించే వీలు అతని చేతిలోనే ఉన్నాయి. ఊరి గ్రూపులో ఒక ఇంటి ఆడపిల్లను లాగుతూ వచ్చిన మాటను నిమిషంలో తీసేసి, సబ్సిడీ వేరుశనగ విత్తనం అందలేదని కడుపుమండి అధికారులను తిట్టిన రైతు మాటను అలాగే ఉంచడం కష్టమైన పనేమీ కాదు. ప్రస్తుతం చాలా గ్రూపుల్లో తొలగిపోతున్నది రైతు మాట.