గాజులు తాకట్టు పెట్టేముందు

"మావాడికి విదేశంలో కంప్యూటర్ ఉద్యోగం వదినా! సముద్రం పక్కనే ఆఫీసట" అని సంబరపడింది గాజువాకలో మా పక్కింటావిడ. వీసా సంగతి అడిగితే "ముందు టూరిస్టు వీసా. వెళ్ళాక మారుస్తారట" అంది. నా గుండె ఝల్లుమంది.

2024 మే నెల గుర్తుందా? డేటా ఎంట్రీ పనంటూ ఏజెంట్లు లక్షన్నర దాకా వసూలుచేసి మన విశాఖ కుర్రాళ్ళను కంబోడియా పంపారు. అక్కడ సిహనౌక్‌విల్ అనే సముద్రతీర పట్టణంలో వాళ్ళను నిర్బంధించి, మన దేశస్థులకే ఫోన్లు చేసి మోసగించే పని చేయించారు. విశాఖ పోలీసులు ఏజెంట్లను అరెస్టు చేశారు. బాధితులు విడతలుగా ఇల్లు చేరారు.

ఓడరేవూ, ఉక్కు కర్మాగారమూ ఉన్న ఊరి పిల్లలు అంత దూరం ఎందుకెళ్తున్నారు? ఇక్కడి కాంట్రాక్టు జీతం ఇల్లు గడవడానికి చాలక. ఆశపడటం తప్పు కాదు. కానీ ఆ ఆశకు పెట్టుబడి మన చేతి గాజులే. సొమ్ము మనదైనప్పుడు ప్రశ్న కూడా మనమే వెయ్యాలి కదా!

1983 నాటి వలసల చట్టం ప్రకారం ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ జాబితా ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో ఉంటుంది. ఏజెంటు తీసుకోదగ్గ రుసుము 30,000 రూపాయలు, దానిమీద పన్ను, అంతే. టూరిస్టు వీసా ఉద్యోగానికి పనికిరాదు.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని వెతికాం. ఏజెంటు పేరు జాబితాలో లేదు. గాజులు ఆవిడ చేతికే ఉన్నాయి. పిల్లాడు మాత్రం ఇంకా అలకలోనే ఉన్నాడు. ఉండనివ్వండి, కళ్ళెదుటే ఉన్నాడుగా!